ఐదో పాటలో తలుపు

ఒక రాక్ ఆల్బమ్ పుట్టాలంటే నాలుగు గోడలూ, ఒక తలుపూ ఉంటే చాలు. మిగతాదంతా సంగీతం. ఆ తలుపు ఎవరు వేయాలన్న వాదన మాత్రం ఆ ఇంట్లో రెండో ఏట కూడా తెగలేదు.

"వచ్చినవాళ్ళు వేయాలి," అంది అమ్మ, తడిచేతులు తుడుచుకుంటూ.

"చివర వచ్చినవాళ్ళు వేయాలి," అంది బృందానికి గాయని అయిన కూతురు.

"చివర వచ్చింది నేనేనని నాకెలా తెలుస్తుందాంటీ?" అన్నాడు డ్రమ్ములబ్బాయి. (న్యాయమైన ప్రశ్నే. అందుకే ఎవరూ వేయలేదు.)

వాళ్ళది స్వతంత్ర బృందం. అంటే ఏ కంపెనీ మీదా ఆధారపడరు. గదికి అమ్మ మీద, కరెంటుకి నాన్న మీద, ఆకలికి మళ్ళీ అమ్మ మీద ఆధారపడతారు. అమ్మ కుట్టుకునే వెనకగదికి స్టూడియో అని పేరు పెట్టి, గోడలకు పాత పరుపులు కొట్టి, కుట్టుమిషన్‌ను వంటింటి గట్టు కిందికి తోశారు. "ఒక్క ఆల్బమ్ అయ్యేదాకానేనమ్మా," అన్నారు.

ఆల్బమ్ అయింది. పాటల్ని లోకానికి అందించే యాప్‌లో ఎక్కించగానే, దాని స్వర నిర్ధారణ విభాగం ఐదో పాటను ఆపేసింది. గిటార్లు ఊపిరి తీసుకునే ఒక్క క్షణంలో, సరిగ్గా తాళం మీద, బృందంలో లేనివాళ్ళెవరో "తలుపేయండర్రా" అన్నారు. ఆ మాట తీసేస్తే పాట చప్పబడిపోయింది. (కూతురు తీసి చూసింది. డ్రమ్ములబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు.)

నిబంధన ప్రకారం, గొంతు ఎవరిదో వాళ్ళే అదే మాటను అదే భావంతో ఫోనులో చెప్పి రుజువు చేసుకోవాలి. అమ్మ చెప్పింది. "కోపం చాలలేదు," అని తెర మీద వచ్చింది. మళ్ళీ చెప్పింది. "ఇది అభ్యర్థన. పాటలో ఉన్నది ఆజ్ఞ." అప్పీలు పెట్టుకుంటే ఆవేశ సరిపోలిక అధికారి ఫోనులో ప్రత్యక్షమయ్యాడు.

"కొంచెం సహజంగా విసుక్కోవాలమ్మా," అన్నాడు మర్యాదగా.

"అడిగితే ఎలా వస్తుంది బాబూ? ఎవరైనా ఏదైనా చేయాలి కదా."

"మేం చేయకూడదమ్మా. మా ఆఫీసు తటస్థంగా ఉండాలి."

"నాతో ఒక్క మాట చెప్తే సాయం చేసేదాన్ని కదే," అంది అత్తగారు మంచం మీంచి.

హాల్లో ఉన్న నాన్న టీవీ గొంతు తగ్గించకుండానే తన గొంతు పెంచాడు. "దీనికింత రాద్ధాంతమా? ఏదో ఓ అరుపు అరిచావు. అదీ ఒక పనేనా?"

వెనకగది తలుపు గాలికి టపటపా కొట్టుకుంది.

"తలుపేయండర్రా," అంది అమ్మ.

ఫోను పచ్చగా వెలిగింది. సరిపోలిక సంపూర్ణం.

అధికారి అభినందించి, మిగతా లాంఛనం వివరించాడు. ఆల్బమ్ మొత్తంలో మాటలు అర్థమైన గొంతు ఆమెదొక్కటే కాబట్టి విభాగం ఆమెను ప్రధాన గాయనిగా నమోదు చేసింది. (కూతురిని నేపథ్య ధ్వనుల్లో చేర్చారు.) ఇక ప్రధాన గాయని సమ్మతి లేనిదే ఆల్బమ్ బయటికి రాదు.

"ఆఖరి ప్రశ్నమ్మా. మీరు సాధన చేసుకునే గది ఏది?"

అమ్మ ఇల్లంతా ఒకసారి కలయజూసింది. హాలు నాన్నది. ముందుగది అత్తగారిది. వెనకగది బృందానిది. తనకు మిగిలింది వంటిల్లు. ఇల్లు కట్టినప్పుడు దానికొక తలుపు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

"రేపు చెప్తాను బాబూ," అంది.

భోజనాల దగ్గర కూతురు ముద్ద మింగకుండా కంచం కెలుకుతూ కూర్చుంది. "ఒప్పుకుంటావు కదమ్మా? రెండేళ్ళ కష్టం."

"ఒప్పుకుంటాను," అంది అమ్మ, గ్లాసుల్లో నీళ్ళు పోస్తూ.

అందరూ హాయిగా మళ్ళీ తినడం మొదలుపెట్టారు.

"పొద్దున్నే నా మిషన్ వెనకగదిలోకి వచ్చేస్తుంది. రెండో ఆల్బమ్ హాల్లో చేసుకోండి."

నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"మరి ఆ తలుపెవరు వేయాలాంటీ?" అన్నాడు డ్రమ్ములబ్బాయి, అలవాటు కొద్దీ.

"నేనే వేసుకుంటానులే నాయనా. లోపల్నుంచి."