జోగులు బరువు

బాలల సంవత్సరం కావడంతో ఆ ఏడాదంతా హైదరాబాదు నుంచి ఎవరో ఒకరు నర్సీపట్నంలో దిగుతూనే ఉన్నారు. సోమవారం పదింటికి పోషకాహార కేంద్రం చూడ్డానికి పెద్ద ఆఫీసరు వస్తున్నారని తెలిసి, సూపర్‌వైజరు సోమసుందరం ముందు పెద్దగా కంగారుపడలేదు. గోడలకి సున్నం, గుమ్మానికి మామిడాకులు, అంతే కదా అనుకున్నాడు. ఆ పొద్దున్న రిజిస్టరు తిరగేశాకే అసలు కంగారు మొదలైంది. పిల్లలంతా కొండల నుంచి దిగి ఊరి చివర గుడిసెలు వేసుకున్నవాళ్ళ బిడ్డలు. ఆర్నెల్లుగా గోధుమనూక ఉప్మా పెడుతున్నా, అదీ నూక బస్తాలు వచ్చిన నెలల్లోనే, ఒక్కడూ ఒళ్ళు చేయలేదు.

"అచ్చియమ్మా, ఇవాళ ఆ పిల్లల్ని రావద్దని చెప్పు" అన్నాడు ఆయాతో.

"అదేటి బాబూ! మరి ఆఫీసరుగోరు ఎవుల్ని సూత్తారు?"

"అది నేను చూసుకుంటాను. నువ్వు బేగి వెళ్ళు."

చూసుకున్నాడు. తన అయిదేళ్ళ కొడుకు చంటి, పక్కింటి ప్లీడరుగారబ్బాయి, బట్టలకొట్టువారి కవలలు, ఇలా బుగ్గలున్న పన్నెండుమందిని బిస్కెట్లు ఆశపెట్టి పోగుచేసి చాపల మీద కూర్చోబెట్టాడు.

ఆఫీసరుగారు జీపులో బరువు తూచే మిషను కూడా తెచ్చారు. సోమసుందరం ఊహించనిది అదొక్కటే.

"ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలవండి."

"జోగులు!" అని పిలిచి చంటిని ముందుకు తోశాడు. పంతొమ్మిది కిలోలు. రిజిస్టరులో జోగులు పాత బరువు పదకొండు.

"నాన్నా, నేను జోగులేంటి?" అన్నాడు చంటి.

ఆఫీసరు మురిసిపోయారు. "మిమ్మల్ని నాన్నా అంటున్నాడే!"

"దగ్గరుండి తినిపిస్తాం కదండీ. అలా అలవాటైపోయింది."

పన్నెండు బరువులూ పన్నెండు పేర్ల ఎదుట ఎక్కాయి. ఆఫీసరు లేచి సోమసుందరం భుజం తట్టారు. "అద్భుతం! ఇక్కడ పని పూర్తయినట్టే. ఈ కేంద్రాన్ని మూసేసి, అవసరమున్న చోటికి మారుద్దాం."

అచ్చియమ్మ గరిటె పక్కన పెట్టేసి గోడకి చేరబడింది.

అంతలో గుమ్మంలో జోగులు తల్లి సోమలమ్మ ప్రత్యక్షమైంది. వెనకాల సత్తుగిన్నెలు పట్టుకుని పన్నెండుమంది పిల్లలు.

"మమ్మల్ని రావొద్దన్నారంట. ఆకలిక్కూడా ఆ ముక్క మీరే సెప్పండి బాబూ. ఒరే జోగులూ, గిన్నె సాపు!"

"ఇంకో జోగులా?" అన్నారు ఆఫీసరు కళ్ళద్దాలు సర్దుకుంటూ.

"కొండవాళ్ళలో అందరివీ అవే పేర్లు సార్" అన్నాడు సోమసుందరం. "వీళ్ళని ఇంకా చేర్చుకోలేదు. కోటా చాలక..."

ఆఫీసరు ఆ కుర్రాణ్ణి తనే ఎత్తి మిషను మీద నిలబెట్టారు. పదకొండు కిలోలు. చెడ్డమనిషి కాదాయన. "మూయొద్దు. ఈ పన్నెండు పేర్లూ కూడా రాయండి. నూక రెట్టింపు పంపిస్తాను" అని జీపెక్కారు.

అన్నట్టే బస్తాలు నెలనెలా వచ్చాయి. బుగ్గల పిల్లలు ఆ రోజు ఉప్మా ఒక ముద్ద నోట పెట్టి, మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. దాంతో రిజిస్టరులో ఇద్దరైన జోగులు రెండు వంతులూ ఒక్కడే తిన్నాడు. ఆర్నెల్లకి తూస్తే పద్నాలుగు కిలోలు! సోమసుందరం నమ్మలేక దింపి మళ్ళీ తూచాడు. ఉద్యోగంలో చేరాక ఇంత సంతోషం అతనికి ఎన్నడూ కలగలేదు. ఆ సంతోషంలో అదే అంకె జోగులు పేరున్న రెండు పేజీల్లోనూ వేసి, తక్కిన పిల్లలకీ అలాగే నింపి, హైదరాబాదు పంపించాడు.

పదిహేను రోజుల్లో మెమో వచ్చింది. ఒకే ఆహారం తీసుకొన్న రెండవ జట్టు పిల్లలు మూడేసి కిలోలు పెరగగా, మొదటి జట్టు అయిదేసి కిలోలు తగ్గుటకు కారణమేమో వారం దినములలో సంజాయిషీ చెప్పుకోవలెను.

సోమసుందరం ఆరు రోజులు తల పట్టుకుని కూర్చుని, ఏడో రోజున నిజమే రాశాడు: "మొదటి జట్టు పిల్లలు ఇంటివద్దనే భోజనం చేయుచున్నారు."