కత్తెర అడగని అమ్మవారు

ఆ ఆదివారం పొద్దున సోమలింగం పెట్టుకున్న పని ఒక్కటే. చాయ్ తాగేలోగా గేటు దగ్గరి మొక్కల తలలన్నీ ఒకే ఎత్తుకు కత్తిరించాలి.

అమ్రోలిలో వాళ్లుండే సొసాయిటీలో మిగిలిన మట్టినేల ఆ గేటు పక్కదే. సూరత్‌లో మట్టి కనిపిస్తే చాలు, సిమెంటు పోసేదాకా కొందరికి తిన్నది అరగదు. ఛైర్మన్ హస్ముఖ్‌భాయ్ ఆ రకం. ఆడవాళ్లు ఏటా బతుకమ్మ ఆడే ఆ నేలను స్కూటర్లకు ఇస్తానన్నాడు. ఎన్ని అర్జీలు పెట్టినా వినలేదు. చివరికి, "తోటలా నీటుగా కనిపించాలి, లేదంటే కాంక్రీటే" అని తేల్చి, ఆ ఆదివారం దాకా గడువిచ్చాడు.

అందుకే సోమలింగం నేల చుట్టూ గట్టులా మొక్కలు పెంచాడు. నిజానికి ఆయనకు కావలసింది మరువం. సిరిసిల్లలో వాళ్లమ్మ వాకిలి పొడవునా మరువమే పెంచేది. లోపల మగ్గం గుంతలో గంజి వాసన, బయట మరువం వాసన. ఆ రెండూ కలిస్తేనే ఆయనకు ఇల్లు. కామ్‌రేజ్ నర్సరీవాడు మాత్రం, మరువం గట్టు కట్టదని చెప్పి జర్మాండర్ అనే మొక్క చేతిలో పెట్టాడు. ఎంత కత్తిరిస్తే అంత గుబురుగా వస్తుందట, నీళ్లెక్కువైతే చచ్చిపోతుందట. సోమలింగం ఆకు నలిపి చూశాడు. చేదు వాసన. ఆ చేదు వెనకాల ఎక్కడో అమ్మ కొంగు తగిలింది. మారుమాట్లాడకుండా కొనేశాడు.

బతుకంతా ఉధ్నా మగ్గాల మీద అరగదీసినవాడు కంటి అంచనాతో కత్తిరిస్తాడా? పుల్లలు పాతి, పడుగు సాగదీసినట్టు ఎర్రదారం బిగించి కట్టాడు. దారం దాటిన ఆకు తెగాలి. చీమలు పట్టకుండా మొదళ్లలో పసుపు చల్లి, కత్తెర కోసం పైకెళ్లాడు.

"కత్తెర ఏడవెట్టినవే?"

"నాకేం ఎరుక? నీ దారాల సంచిల జూస్కో," అంది భార్య పద్మారాణి. "ముందుగాల చాయ్ తాగు, సల్లారుతుంది."

ఈలోగా పరీక్షకు బయల్దేరిన పక్కింటి నవత ఎర్రదారం చూసింది, పసుపు చూసింది. కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది. అది చూసిన గుజరాతీ ఆడవాళ్లు ఏదో వ్రతం అనుకుని తామూ ఒక దారం చుట్టారు. వాళ్లను చూసి ముసలి కనకవ్వ కొబ్బరికాయ కొట్టి, నీళ్లన్నీ మొదట్లో పోసింది. వెనకాలే ఎవరో పాలగిన్నె తెచ్చారు.

బాల్కనీలోంచి ఈ అఘాయిత్యం చూసి సోమలింగం చాయ్ వదిలేసి పరుగెత్తాడు. ఒంటిమీద చొక్కా లేదు, కాళ్లకు చెప్పులు లేవు. జుట్టు రేగిపోయింది. కోపంతో ఒళ్లంతా వణుకుతోంది.

"పాలు పొయ్యకుండ్రి! నీళ్లు పొయ్యకుండ్రి! సస్తయ్!"

కనకవ్వ రెండు చేతులూ ఎత్తింది. "వచ్చింది! సోమలింగం మీదికి అమ్మ వచ్చింది!"

"ఏ అమ్మనే, నీ... జరుగుండ్రి!" అని ఆయన ఎగిరాడు. ఎగిరేసరికి అందరికీ నమ్మకం కుదిరింది. ఎవరో బకెట్ తిరగేసి దరువు అందుకున్నారు.

సరిగ్గా అప్పుడే కాంక్రీటు బండి గేటులోకి వచ్చింది. ముందు హస్ముఖ్‌భాయ్. జనాన్ని చూశాడు, ఊగుతున్న సోమలింగాన్ని చూశాడు, చెప్పులు విడిచాడు. మనుషులు మొక్కినన్నాళ్లూ కదలనివాడు పూనకం ముందు చేతులు కట్టుకున్నాడు.

"మాతాజీ, హుకుమ్ కరో. క్యా చాహియే?"

'నేను సోమలింగాన్ని' అనబోయాడు సోమలింగం. బండి కంటపడింది. దాని వెనక నేల, నేల మీద రాబోయే బతుకమ్మ. నోట్లో మాట మింగేసి కళ్లు పెద్దవి చేశాడు.

"సిమెంటు వద్దు! ఈడ ఎవ్వలు ముట్టద్దు! ఒక్క ఆకు గూడ తెంపద్దు! తెంపినోల్ల ఇల్లు ఆగమైతది!"

అప్పుడే కత్తెర దొరికి కిందికొచ్చిన పద్మారాణి, సంగతి చూసి దాన్ని కొంగులో దాచుకుంది. ఎవరో ఆ హుకుంను హిందీలో అప్పజెప్పారు. బండి వెనక్కి మళ్లింది.

ఆ ఏడు బతుకమ్మ ఆ నేల మీదే ఆడారు. సోమలింగం అరుగు మీద కూర్చుని, పాట విన్నంతసేపూ సిరిసిల్లలోనే ఉన్నాడు. కళ్లు తుడుచుకుని చూస్తే మొక్కలు మోకాలు దాటి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. మర్నాడు కత్తెర పట్టుకుని వెళ్లాడు. కనకవ్వ లాక్కుంది.

"ఏంది బిడ్డా? అమ్మ నీ నోట్లకెల్లి చెప్పిన మాట నువ్వే తప్పుతవా?"

"అవ్వా, అది... జర కొసలు మాత్రమే..."

"కొసలు గాదు, నీడ గూడ ముట్టద్దు. మా ఇండ్లు ఆగం జేస్తవా?"

చేతులు ఊపుకుంటూ ఇంటికొచ్చాడు. పద్మారాణి అన్నం పెడుతూ అంది: "మీ అమ్మ మరువం ఎన్నడన్న గింత ఎత్తు పెరిగిందా? కత్తెరనే లేకపాయె ఆమె తాన. పోయెటోల్లు వచ్చెటోల్లు ఇంత రెమ్మ తుంచి తలల వెట్టుకునేది. ఆమె మురిసేది. నువ్వేమో ముడితె ఆగమైతదంటివి."

సోమలింగానికి ఆ వాకిలి కళ్లముందుకొచ్చింది. నిజమే, అమ్మ వాకిట్లో మరువం ఎప్పుడూ జానెడే ఉండేది. ఊరి ఆడవాళ్ల వేళ్లే దాన్ని జానెడుంచాయి.

వచ్చే శుక్రవారం అమ్మవారు మళ్లీ పూనవలసి ఉంది. ఏం అడగాలో పద్మారాణి ఆమెకు కంచం ముందే వల్లె వేయిస్తోంది: "మొక్కినోల్లందరు ఇంత రెమ్మ తుంచి తలల వెట్టుకోవాలె."