తొమ్మిదంగుళాల క్షమాపణ

కత్తెర అనే మనిషి పన్నెండేళ్లుగా వడ్రంగి గుండెల మీద కూర్చుని ఉన్నాడు. కత్తెర పక్కింటి దర్జీ. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, ఎవరికీ అపకారం చెయ్యనట్టుండే నవ్వు. ఆ నవ్వుతోనే రెండు పెరళ్ల మధ్య చెక్క కంచె వేయించి, వడ్రంగి స్థలంలో తొమ్మిదంగుళాలు మింగేశాడు. ఇది వడ్రంగి ఊహించుకున్నది కాదు. తండ్రి పోయేముందు దగ్గరికి పిలిచి, "ఆ కంచె దగ్గర తొమ్మిదంగుళాల తేడా ఉందిరా, ఎప్పుడో ఒకప్పుడు సరిచెయ్యి" అని చెప్పి మరీ పోయాడు. అప్పటినుంచి వడ్రంగి పెరట్లోకి వెళ్లిన ప్రతిసారీ ఆ కంచె వంక చూసి పళ్లు నూరుకునేవాడు.

చిక్కల్లా ఏమిటంటే ఇద్దరిదీ ఒకే సంఘం. టైర్ల షాపు మేడ మీద, మడత కుర్చీలు వేసుకుని కూడుకునే సంఘం. క్రైస్తవుల్లో మీరు ఏ శాఖవాళ్లని ఎవరైనా అడిగితే ఏ శాఖా కాదంటారు. గోడ మీద మాత్రం ఏడు విలువలు నీలం రంగులో రాసి ఉంటాయి. వారానికొకటి. విని చొక్కా దులుపుకుని పోతే కుదరదు, వారమంతా చేసి చూపించాలి. ఆ వారం వంతు రహస్యంగా మేలు చెయ్యడం. మనసుకు గిట్టని మనిషిని ఒకణ్ని ఎంచుకోవాలి, శనివారంలోగా అతనికొక మేలు చెయ్యాలి, చేసినట్టు ఎవరికీ తెలియకూడదు. నోరు జారితే ఆ మేలు లెక్కలోకి రాదని పాస్టరు తేల్చి చెప్పాడు. గిట్టని మనిషి కోసం వడ్రంగి పెద్దగా వెతుక్కోలేదు.

శనివారం పొద్దున లేచేసరికే అతని దగ్గర పక్కా పథకం ఉంది. కత్తెర ఎనిమిదింటికల్లా షాపుకు పోతాడు. కత్తెర భార్య ఆసుపత్రి డ్యూటీకి అంతకుముందే వెళ్లిపోతుంది. కంచె గుంజలు అడుగున పుచ్చి, గాలికి ముసలాడి పళ్లలా ఊగుతున్నాయి. పాత కంచె పీకేసి, తన సొంత చెక్కతో, సొంత మేకులతో, అదే చోట కొత్త కంచె నిలబెట్టాలి. ఆ తొమ్మిదంగుళాలూ కత్తెరకే శాశ్వతంగా వదిలేసి, తన చేత్తో తనే బిగించి ఇవ్వాలి. ఇంతకంటే గొప్పగా ఈ సంఘంలో ఎవడు క్షమిస్తాడో చూద్దామని పళ్లు తోముకుంటూనే పొంగిపోయాడు.

గునపం భుజాన వేసుకుని ఈల వేస్తూ బయల్దేరిన మొగుణ్ని చూసి భార్య గుమ్మానికి అడ్డం వచ్చింది.

"ఎక్కడికండీ?"

"కత్తెర ఇంటికి."

"గునపంతోనా?"

"పన్నెండేళ్ల సంగతి ఇవాళ్టితో తేలిపోవాలి. నువ్వు ప్రార్థన చేస్తూ ఉండు. ఇంకేం అడక్కు."

సంఘంలో ప్రార్థన గొలుసు అని ఒకటుంది. ఎవరికైనా అక్కర వస్తే ఒకరికి ఫోను చెయ్యాలి, వాళ్లు ఇంకొకరికి, అలా చివరిదాకా. వడ్రంగి భార్య టైర్ల షాపు ఆవిడకు ఉన్నదున్నట్టే చెప్పింది: మా ఆయన గునపం పట్టుకుని కత్తెర ఇంటికి వెళ్లాడు, ప్రార్థన చెయ్యండి. అక్కర కాస్త బలంగా ఉంటే ప్రార్థన కూడా బలంగా ఉంటుందని తలా ఒక పిసరు కలుపుకుంటూ పోయారు. మూడో ఇంటికి చేరేసరికి కంచె విరిగింది. అయిదో ఇంటికి తలుపు విరిగింది. ఎనిమిదో ఇంట్లో ఉండే పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చేసరికి కత్తెర తల విరిగింది. ఆయన మత్తు ఇంజెక్షన్లు సంచిలో వేసుకుని స్కూటరెక్కాడు.

ఈలోగా వడ్రంగి భార్య తీగ మీద ఆరేసిన బట్టలు చూసుకుంది. మొగుడి ఆదివారం చొక్కా లేదు. ఆ వార్త కూడా గొలుసులో వేసింది.

చొక్కా కత్తెర ఒళ్లో ఉంది. ఆ రోజు కత్తెర షాపుకు పోలేదు. అతనికీ ఒక రహస్యం ఉంది. వడ్రంగి ఆదివారం చొక్కా కాలరు అరిగి పోగులు లేచిపోతోంది. దాన్ని విప్పి, తిరగేసి, కొత్తదానిలా కుట్టి, ఎవరూ చూడకుండా మళ్లీ తీగకు తగిలించాలన్నది అతని పథకం. వెనక గదిలో కూర్చుని కాలరు విప్పడం అయిందో లేదో, పెరట్లో మొదటి గుంజ కీచుమంటూ ఊడింది. కిటికీలోంచి చూస్తే వడ్రంగి, గునపం. ఒళ్లోకి చూసుకుంటే మెడ లేని చొక్కా. దొంగతనం బయటపడిందని అర్థమైపోయింది. తలుపు గడియ వేసి, దానికి అడ్డంగా కుట్టుమిషను ఈడ్చిపెట్టి, పాస్టరుకు ఫోను చేశాడు.

పాస్టరు వారమంతా డ్రైవింగు నేర్పుతాడు. ఫోను వచ్చేసరికి స్టీరింగు ఓ కొత్త శిష్యురాలి చేతిలో ఉంది. ప్రాణాపాయం, త్వరగా పోనివ్వమ్మా అని ఆయన, మీరే కదా మలుపులో ఆగమన్నారని ఆమె, ఉన్న తొమ్మిది మలుపుల్లోనూ ఆగి, అటూ ఇటూ చూసి, చెయ్యి చూపించి మరీ తీసుకొచ్చింది. అప్పటికి పెరట్లో పదిహేడుమంది ఉన్నారు. కంచె దాదాపు మొత్తం నేల మీద ఉంది. రహస్యంగా మేలు చేస్తున్న వడ్రంగి అంతమంది మధ్య గునపంతో నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

"బ్రదర్, ముందా గునపం కింద పెట్టండి" అన్నాడు పాస్టరు.

"ఒక్క గుంజ ఉందయ్యగారూ, అది కూడా పీకి పెడతాను."

"అసలు ఏం చేస్తున్నారు?"

"చెప్పకూడదు."

కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. "అన్నా, నీ చొక్కా నేనే తీశాను" అంది లోపలి గొంతు. మెడ లేని చొక్కా రెక్క సందులోంచి బయటికొచ్చింది.

"నువ్వా? ఎందుకు తీశావు?"

"చెప్పకూడదన్నా."

"కాలరెందుకు కోశావురా?"

"అదీ చెప్పకూడదు."

పళ్ల డాక్టరు సంచి మూసేశాడు. పాస్టరు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఏడుస్తున్నాడేమోనని టైర్ల షాపు ఆవిడ కూడా కళ్లు ఒత్తుకుంది గానీ, ఆయన భుజాలు ఊగుతున్నది నవ్వుతో. తప్పంతా తనదేనని ఒప్పుకుని, ఇద్దరికీ నోరు విప్పడానికి సెలవిచ్చాడు. ఇద్దరూ ఒకేసారి చెప్పారు. పెరడంతా చప్పట్లతో మోగిపోయింది. కత్తెర మిషను పక్కకు నెట్టి బయటికొచ్చాడు. ఎటూ రహస్యం చెడిందనుకున్నాడో ఏమో, వడ్రంగి గునపం భూమిలో గుచ్చి, పదిహేడుమందికీ వినపడేలా గొంతు పెంచాడు.

"ఒరేయ్ కత్తెరా, నువ్వు కలుపుకున్న ఆ తొమ్మిదంగుళాలు నీకే వదిలేస్తున్నాను. మనస్ఫూర్తిగా."

కత్తెర వచ్చి వడ్రంగి కాళ్ల మీద పడాల్సిన చోటు అది. పడలేదు. సుద్దముక్క తీసి చెవి గోక్కున్నాడు.

అదే సమయంలో, కొత్త కంచెకు తలా ఒక చెయ్యి వేద్దామని టైర్ల షాపాయన నలుగురితో కలిసి, కంచె వారగా ఉన్న వడ్రంగి చెక్క పలకల స్టాండు పక్కకు జరిపాడు. కింద గడ్డిలో ఒక రాయి బయటపడింది. నెత్తి మీద బాణం గుర్తు చెక్కిన హద్దు రాయి. వడ్రంగి వైపే ఉంది, ఊడిన గుంజల వరుసకు జానెడు లోపల.

వడ్రంగి రాయి వంక చూశాడు, గుంతల వంక చూశాడు, మళ్లీ రాయి వంక చూశాడు. చివరికి కత్తెరే నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. కంచె వేయించేటప్పుడు ఈ స్టాండు అడ్డొచ్చింది. అప్పటికే వడ్రంగి తండ్రికి నడుము వంగిపోయింది, ఆ పెద్దాయన్ని పలకలన్నీ దించమనడానికి తనకు నోరు రాలేదు. అందుకని కంచెను తనవైపే తొమ్మిదంగుళాలు జరిపి వేయించాడు. పెద్దాయన ఎప్పుడు కనపడినా సరిచేస్తానంటూనే ఉండేవాడు, తొందరేం లేదని తను అంటూనే ఉండేవాడు. తేడా ఉందన్న తండ్రిని, అది ఎవరి వైపు నాన్నా అని వడ్రంగి ఏనాడూ అడిగినవాడు కాదు.

"పన్నెండేళ్లూ నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు వడ్రంగి.

"చెబితే అది మేలెలా అవుతుందన్నా?" అని, కత్తెర పాత గుంతల వైపు చెయ్యి చూపించాడు. "అక్కడే వేసెయ్యి. నాకేం పోయింది?"

పదిహేడుమందీ వడ్రంగి మొహంలోకే చూస్తున్నారు. పాస్టరు మాత్రం ఆకాశంలోకి చూస్తున్నాడు. వడ్రంగి ఆయన పక్కకు జరిగి గొంతు తగ్గించాడు.

"వచ్చే వారం గోడ మీద వంతు దేనిదయ్యగారూ?"

"యథార్థతది, బ్రదర్."

"అది సోమవారం నుంచి కదా?"

"ఆదివారం నుంచి."

వడ్రంగి కాసేపు వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. మధ్యలో ఒక్క రాత్రి తప్ప ఏమీ మిగల్లేదు. గునపం పీకి, పలకల స్టాండు దగ్గరికి నడిచి, పై పలక తనే దించాడు. పదిహేడుమందీ తలా ఒక చివర పట్టుకున్నారు. శిష్యురాలు మేకులు అందించింది, ఒక్కో మేకుకూ అటూ ఇటూ చూసి. పళ్ల డాక్టరు గుంతలు తవ్వాడు, అవి చాలా నున్నగా వచ్చాయి. సాయంత్రానికి కొత్త కంచె హద్దు రాయి వరసలో నిటారుగా నిలబడింది, కాలరు తిరగేసిన చొక్కా తీగ మీదికి చేరింది.

వడ్రంగి తన సొంత చెక్కతో, సొంత మేకులతో పోగొట్టుకున్న స్థలం ఇరవై రెండడుగుల పొడవు, తొమ్మిదంగుళాల వెడల్పు, వెరసి పదహారున్నర చదరపుటడుగులు. కొలిచింది కత్తెర, బట్టలు కొలిచే టేపుతో.