రాజమండ్రి వచ్చి దారి అడిగేవారికి

రాబోయే పుష్కరాలకు రాజమహేంద్రవరం విచ్చేయు యాత్రికుల, పర్యాటకుల సౌకర్యార్థం ఈ కింది సమాచారం అందజేయడమైనది. దీనికి ఆహ్వాన సంఘం వారి అనుమతి లేదు. వారిని అడిగితే "తప్పకుండానండి" అంటారు కనుక అడగలేదు.

మొదట ఊరి పేరు. కాగితం మీద రాజమహేంద్రవరం, నోట్లో రాజమండ్రి. రెండూ ఒకే ఊరు. రెండు టిక్కెట్లు కొననక్కరలేదు.

వాతావరణం సంగతి. ఎండాకాలంలో ఎండ ఉంటుంది. మిగతా కాలాల్లో ఉక్క ఉంటుంది. వాన పడితే నీళ్ళు ఎటు పోవాలో తోచక రోడ్డు మీదే నిలబడి ఆలోచిస్తాయి. మీరు వాటిని తొందరపెట్టకూడదు. గోదావరిని చూడదలచినవారు గట్టు మీదికి వెళ్ళాలి. అక్కడ ముందు ఫ్లెక్సీలు కనబడతాయి. అందులో నాయకులు, నాయకుల కొడుకులు, కొడుకుల స్నేహితులు మీకు నమస్కారం పెడుతుంటారు. వారి మోచేతుల సందుల్లోంచి నది కనబడుతుంది. దృశ్యం బాగుంటుంది.

ఇక మర్యాద. మా గోదావరి జిల్లాల మర్యాద గురించి మీరు వినే ఉంటారు. విన్నది తక్కువ. ఇక్కడ దారి అడిగితే తెలియదు అనే మనిషి ఉండడు. ఊరికి కొత్తగా వచ్చినవాణ్ణి పట్టుకుని తెలియదు అనడం, గడపలోకి వచ్చినవాణ్ణి మంచినీళ్ళివ్వకుండా పంపడం లాంటిది. అందుచేత తెలిసినవాడు దారి చెబుతాడు. తెలియనివాడు ఇంకా వివరంగా చెబుతాడు.

"ఏవండీ, మ్యూజియం ఎటండి?"

"మ్యూజియమాండి? అలా తిన్నగా వెళ్ళిపోండి. వెళ్తే మీకే తెలుస్తుందండి."

వెళ్తే తెలుస్తుంది. అక్కడ మ్యూజియం లేదని తెలుస్తుంది.

ఈ మర్యాదను నేను స్వయంగా పరీక్షించాను. నా భార్య సూర్యకళ నా పక్కనే ఉంది.

మాది నదికి అవతలి పల్లె. ఒకనాటి ఉదయం ఆవిడ గుండె పట్టుకుని అరుగు మీద కూలబడింది. మా వైపు అంబులెన్సు ఆ రోజు ఒక పెద్దమనిషి కార్ల వరుస వెనకాల, ఆయనకు ఏమైనా అవుతుందేమోనని తిరుగుతోంది. ఆయనకు ఏమీ కాలేదు. మాకు పోలవరం వైపు నుంచి వేరే బండి వచ్చింది. డ్రైవరు ముసలయ్య మంచివాడు. రాజమండ్రి ఎన్నడూ చూడనివాడు. నేను చూసింది కూడా రేవూ, రైల్వే స్టేషనూ.

ఫోన్లో దారి చూపే ఆడగొంతు మమ్మల్ని సరిగ్గానే వంతెన దాటించింది. ఆసుపత్రి వీధి మొదట్లోకి కూడా తెచ్చింది. అక్కడ రోడ్డుకి అడ్డంగా పందిరి ఉంది. పందిట్లో ఆహ్వాన సంఘం సభ జరుగుతోంది. ఊరికి వచ్చే కొత్తవారు రాకపోకల్లో ఇబ్బంది పడకుండా తీసుకోవలసిన చర్యల మీద మాట్లాడుతున్నారు. చప్పట్లు వినబడ్డాయి. ఫోను మాత్రం పందిట్లోంచి తిన్నగా పొమ్మంది.

ముసలయ్య బండి తిప్పి, వెనక కూడలికి తెచ్చాడు. ఆసుపత్రికి ఎడమవైపు అని బాణం గుర్తుతో ఆ కూడలిలో ఒక పచ్చ బోర్డు ఉంది. ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు దాని మీద ఆహ్వాన సంఘం అధ్యక్షులు దొరబాబు గారి జన్మదిన శుభాకాంక్షలున్నాయి. ఫోను కొత్త దారి వెతికేలోగా మనుషులు వచ్చేశారు.

"హాస్పిటలాండి? కుడికి తిరిగి వెళ్ళిపోండి బాబూ, గుడి దాటగానే."

"కుడికేంటయ్యా, ఎమర్జెన్సీ అయితేనూ! వెనక్కి పోనివ్వండి. రేవు దగ్గర ఎవర్నడిగినా చెబుతారు."

"నువ్వు చెప్పేది పాతదిరా. కొత్తది పాత వంతెన కిందండి. మా బావమరిది పనిచేసేది అక్కడే."

"ఆయనకి చెమటలు పట్టేశాయి చూడండి. సోడా కొట్టించమంటారేంటండి?"

నేను కేకలేశాను. స్ట్రెచర్ మీద నుంచి సూర్యకళ నా చొక్కా పట్టుకుని లాగింది.

"విసుక్కోకండి. పాపం, పనులు మానుకుని చెబుతున్నారు," అంది.

ఆవిడదీ ఈ జిల్లాయే.

ముసలయ్య ఎవరి మాటా తీసెయ్యలేదు. గుడి దాటాం. రేవుకి వెళ్ళాం. పాత వంతెన కిందికీ వెళ్ళాం. చూడదగ్గ ప్రదేశాలన్నీ ఒక్క ఉదయంలో చూడాలనుకునే యాత్రికులకు ఇంతకన్నా సులువైన మార్గం లేదు. చివరికి ఒక చిన్నపిల్ల, దారి చెప్పేంత మర్యాద ఇంకా రానిది, ఊరికే వేలు పెట్టి ఒక మేడ చూపించింది. అదే ఆసుపత్రి. డాక్టరు గారు కూడా మర్యాదస్తులే. "కాస్త ముందు వచ్చుంటే బాగుండేదండి," అన్నారు. శ్మశానానికి దారి మాత్రం ఆ ఊళ్ళో అందరూ ఒకటే చెప్పారు.

కర్మకాండలయ్యాక దొరబాబు గారింటికి వెళ్ళాను. నేను అడిగింది ఒక్కటే. ఆ బోర్డు మీద గుడ్డ తీసేయండి. ఇంకెవరూ నాలా తిరగకూడదు.

"అయ్యో, మీరింత దూరం రావాలాండి? కబురు చేస్తే నేనొచ్చేవాణ్ణి కదా. ముందు టిఫిన్ చెయ్యండి."

"బోర్డు సంగతి చెప్పండి."

"తప్పకుండానండి."

వారి జన్మదినం తీసేశారు. ఆ చోట ఒక కాలేజీ వారి ర్యాంకులు వచ్చాయి. మళ్ళీ వెళ్ళాను. తప్పకుండానండి అన్నారు. ర్యాంకులు పోయి చీరల కొట్టు వచ్చింది. మళ్ళీ వెళ్ళాను. చీరలు పోయి చర్చి వారి స్వస్థత కూటములు వచ్చాయి. మా జిల్లాలో ఇచ్చిన మాట తప్పేవారు లేరు. తీస్తామన్నారు, తీస్తూనే ఉన్నారు.

చివరికి నేను ఒక పని చేశాను. దొరబాబు గారి భార్య పావని గారు కాఫీ తెచ్చి పెడితే, ముట్టుకోకుండా లేచాను.

"ఏంటండీ, కాఫీ?" అంది ఆవిడ.

"బోర్డు కనబడ్డాక తాగుతానమ్మా."

ఆవిడ మొహం పాలిపోయింది. పక్కింటివాళ్ళు చూస్తున్నారు. కోర్టుకెక్కినా, పేపర్లో వేయించినా దొరబాబు గారు చలించేవారు కారు. వారింట కాఫీ ముట్టకుండా ఒక భార్యపోయినవాడు వెళ్ళిపోయాడన్న మాట మాత్రం ఊరంతా పాకింది. మర్నాడే కారు పంపారు. బోర్డు ఆవిష్కరణ మహోత్సవానికి ముహూర్తం పెట్టించామన్నారు.

ఉన్న బోర్డును ఆవిష్కరించడం ఏమిటని మీరు అడగవచ్చు. వేదిక లేకుండా గుడ్డ తీస్తే ఎవరు తీసినట్టు?

కూడలిలో వేదిక కట్టారు. రోడ్డుకి అడ్డంగానే కట్టారు. నన్ను మధ్య కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఎండకి శాలువా బాగా పనిచేసింది. దొరబాబు గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! సోదరి సూర్యకళ గారి త్యాగం వృథా పోదు. ఆవిడ మన ఊరి రాకపోకల వ్యవస్థకు చేసిన సేవ చరిత్రలో నిలిచిపోతుంది. ఇకపై ఈ నగరంలో దారి తెలియక ఒక్క ప్రాణం కూడా పోదని సభాముఖంగా హామీ ఇస్తున్నాను!"

ఆవిడ చేసిన సేవ చనిపోవడం. అంతకు మించి అవకాశం ఇవ్వలేదు.

తాడు లాగారు. పట్టుగుడ్డ జారింది. పట్టుగుడ్డ వెనక కొత్త ఫ్లెక్సీ ఉంది. దాని మీద దొరబాబు గారి నిలువెత్తు బొమ్మ, మూలన సూర్యకళ పెళ్ళినాటి ఫొటో, కింద బోర్డు ఆవిష్కరణకు సహకరించిన వారందరికీ ధన్యవాదములు అని ఉంది. ఫ్లెక్సీ ఎగిరిపోకుండా బోర్డు స్తంభాలకే బిగించి కట్టారు. బోర్డు దాని వెనక క్షేమంగా ఉంది.

అప్పుడు ఒక కారు వచ్చి వేదిక ముందు ఆగింది. తోలుతున్న కుర్రాడు తల బయట పెట్టాడు. వెనక సీట్లో నిండు నెలల మనిషి ముందు సీటు గట్టిగా పట్టుకుని ఉంది.

"పాలకొల్లు నుంచి వస్తున్నామండి. హాస్పిటల్ ఎటండి?"

సభ సభంతా చెయ్యి చాపింది. కొందరు కుడికి. కొందరు వెనక్కి. దొరబాబు గారు వేదిక మీద నుంచి, ఫ్లెక్సీలో ఉన్నట్టే, తిన్నగా చూపించారు. తిన్నగా వేదికే ఉంది.

నేను మైకు లాక్కున్నాను. "ఎడమకి! ఎడమకి తిప్పు బాబూ! ఎడమకి!"

చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒకావిడ కళ్ళొత్తుకుంది. దొరబాబు గారు నా భుజం మీద చెయ్యి వేసి, "బాధలో ఉన్నారండి. ఆయన ఆవేదన మనందరి ఆవేదన. ఇంకోసారి గట్టిగా!" అన్నారు. ఇంకోసారి గట్టిగా కొట్టారు. ఆ చప్పట్లలో నా మాట మొదటి వరస దాటలేదు.

కుర్రాడు అందరికీ దణ్ణం పెట్టి, కారు వెనక్కి తీసి, వెళ్ళాడు. మనుషులు అడ్డొచ్చారు. ఎటు తిప్పాడో నాకు కనబడలేదు. వెతకడానికి దిగబోతే పావని గారు కాఫీ తెచ్చారు. బోర్డు ఆవిష్కరణ అయిపోయింది కదండీ అన్నారు. ఆ కప్పు ఇప్పటికీ వేదిక మీదే ఉందేమో.

ఆసుపత్రికి పరిగెత్తాను. పేరు తెలియకుండా వచ్చారో లేదో చెప్పలేమండి అని కాక, "వచ్చే ఉంటారండి, కూర్చోండి," అన్నారు అక్కడ.

ఆ కారు చేరిందా అని ఇది విన్నవాళ్ళంతా నన్ను అడుగుతున్నారు. నాకు తెలియదు. ఆ మాట అన్నందుకు దొరబాబు గారు చాలా నొచ్చుకున్నారు.

రేపు మీరు ఈ సంగతి ఎవరికో చెబుతారు. ఆ కారు ఏమైందండీ అని వాళ్ళు అడుగుతారు. మీరు ఏదో ఒకటి చెబుతారు.