నలభై కిలోమీటర్లు తిన్నదెవరు?

రవాణా మంత్రిగారు ఇకమీదట పెట్రోలు బండి ఎక్కరని, రాబోయే తరాల ఊపిరితిత్తులను దృష్టిలో పెట్టుకుని సొంతానికి ఒక కరెంటు కారు కొన్నారని, దాన్ని స్వహస్తాలతో తామే నడుపుతారని సోమవారం పొద్దున పత్రికలవారికి ప్రకటన వెలువడింది. రాసింది పీఏ. ఊపిరితిత్తుల మాట కూడా అతనిదే. మంత్రిగారికి ఆ మాట ఎంతో నచ్చి రెండుసార్లు చదివించుకున్నారు.

ఆ పీఏ ఏళ్ల తరబడి టెంపరరీ. అతన్ని పర్మనెంటు చేసే ఆర్డరు టైపై, మంత్రిగారి బల్ల మీద పేపర్‌వెయిట్ కింద సంతకం కోసం పడి ఉంది. ఫ్యాను గాలికి దాని అంచు లేచినప్పుడల్లా పీఏ గుండె కూడా లేచి పడేది. ఇంటికి వెళితే భార్య ఊరుకునేది కాదు.

"ఏమండీ, అల్లుడి ఉద్యోగం ఖాయమైందా అని మా అమ్మ మళ్లీ అడుగుతోంది."

"సంతకమొక్కటే తక్కువ."

"పెళ్లినాడు కూడా అదే అన్నారు."

కారు వచ్చిన మొదటిరోజు సాయంత్రమే మంత్రిగారు పీఏని గదిలోకి పిలిచి తలుపు వేయించారు. సోఫాలో బావమరిది కూర్చుని ఉన్నాడు.

"స్టీరింగు వెనక తెర మీద పొద్దున నాలుగొందల కిలోమీటర్లు చూపించింది. నేను తిరిగింది ముప్పై. ఇప్పుడు మూడొందల ముప్పై అంటోంది. ఎంత పోయింది?"

"డెబ్బై, సార్."

"ముప్పై నా లెక్క. మిగతా నలభై కిలోమీటర్లు ఎవరు తిన్నారు?"

మంత్రిగారిని తప్పుపట్టడానికి లేదు. ఇంత ప్రజాజీవితంలో పైన శాంక్షనైనది కిందికి వచ్చేసరికి తగ్గడం ఆయన ఎరుగుదురు గానీ, తినేవాడు లేకుండా తగ్గడం ఎన్నడూ చూడలేదు.

"నా వంక చూడకు బావా," అన్నాడు బావమరిది. "నాకు కిలోమీటర్లు అలవాటు లేదు. నేను సిమెంటు వరకే."

"సార్, అది ఉత్త అంచనా అట. ఇంకా ఎంత దూరం పోవచ్చో కారు ఊహించి చెబుతుందట," అన్నాడు పీఏ.

"దొరికినవాళ్లంతా మొదట ఆ మాటే అంటారు. నువ్వు తేల్చు. తేలిస్తే ఆ ఆర్డరు మీద సంతకం పెడతాను. తేల్చకపోతే తిన్నది నువ్వే అనుకుంటాను."

మర్నాడు పీఏ కారు కంపెనీ ఇంజనీరును పట్టుకొచ్చాడు. ఇంజనీరు కుర్రవాడు, మంత్రులతో మాట్లాడి ఎరగడు, అందుకని నిజం చెప్పేశాడు.

"మీరు ఇంతవరకూ ఎలా నడిపారో చూసి, ముందు కూడా అలాగే నడుపుతారనుకుని కారు లెక్క వేస్తుంది సార్. మీరు ఏసీ ఫుల్లుగా పెడతారు, వెనక నలుగుర్ని ఎక్కిస్తారు, కాలు పడితే అదరగొడతారు. నాలుగొందలు వచ్చేది మెల్లగా పోయేవాళ్లకి."

"అంటే, నా గతం చూసి నా భవిష్యత్తు చెబుతోందా?"

"అవును సార్."

మంత్రిగారి ముఖం నల్లబడింది. "నన్ను ఇన్నిసార్లు గెలిపించిన జనమే ఏనాడూ నా గతం చూడలేదు. దీనికేం పుట్టింది?"

ఇంజనీరును పంపించేసి, ఆ కారుకు తన మీద నమ్మకం కలిగించే బాధ్యతను పీఏకి అప్పగించారు.

పీఏ బుర్రకు పదును పెట్టాడు. రోజూ తెల్లవారగానే కారును ఒక డీజిల్ లారీ మీద ఎక్కించి ఊరి బయట కొండపైకి చేర్పించేవాడు. అక్కడినించి తానొక్కడే ఏసీ ఆపి, అద్దాలు బిగించి, పసిపిల్ల నిద్రపోతున్న గదిలో నడిచినంత మెల్లగా కిందికి దిగేవాడు. చెమటకు చొక్కా పిండుకోవలసి వచ్చేది. వారం తిరిగేసరికి, తన యజమాని మహా శాంతమూర్తి అని కారు నమ్మేసింది. చార్జింగ్ నింపగానే తెర మీద ఐదొందల ఇరవై చూపించింది.

మంత్రిగారు వెంటనే విలేకరులను పిలిచి తెర చూపించారు. పైసా ఖర్చు లేకుండా కారు పరుగును తమ శాఖ పెంచిందన్నారు. అక్కడితో ఆగితే పీఏ బతికిపోయేవాడు.

"నా నియోజకవర్గం ఇక్కడికి రెండొందల యాభై. శుక్రవారం ఈ కారులోనే వెళ్లి అక్కడ చార్జింగ్ స్టేషను ప్రారంభిస్తాను. అక్కడ చార్జింగ్ పెట్టకుండానే తిరిగొస్తాను. ఇంకా ఇరవై మిగులుతుంది, దాంతో ప్రతిపక్ష నాయకుణ్ణి ఊరంతా తిప్పి చూపిస్తాను."

విలేకరులు వెళ్లాక పీఏ మంత్రిగారి దగ్గరికి వెళ్లాడు. "సార్, అది అంచనా."

"బడ్జెట్టు కూడా అంచనాయే. ఎక్కడైనా ఆగిపోయిందా?"

శుక్రవారం మంత్రిగారు స్టీరింగు పట్టారు. పక్కన పీఏ, వెనక బావమరిది, అతని మనుషులు ఇద్దరు. ఏసీ ఫుల్లు. ఊరు దాటగానే కాలు అదిరింది. కారుకు తన యజమాని అసలు రూపం అరగంటలో తెలిసిపోయింది. తెర మీద అంకె నూతిలో పడ్డ చెంబులా దిగిపోతుంటే పీఏకి అందులో తన ఆర్డరే కనిపించింది.

సగం దారిలో బావమరిది మనుషుల్ని దింపేశారు. ఇంకాస్త దూరం పోయాక బావమరిదినీ దింపారు.

"అక్కకేం చెప్పను బావా?"

"బస్సులో వస్తున్నానని చెప్పు."

ఏసీ ఆపారు. మంత్రిగారి తెల్లబట్టలు ఒంటికి అతుక్కున్నాయి. నియోజకవర్గంలో స్టేషనున్న ఊరి పొలిమేరకు వచ్చేసరికి కారు నడక వేగానికి దిగింది. అప్పుడు జరిగింది, ఆయన ప్రజాజీవితంలో ఎన్నడూ జరగనిది. ఖాళీ బిందెతో పోతున్న ఒక మనిషి కారు పక్కనే నడుస్తూ కిటికీలోకి తొంగిచూశాడు.

"దండం సార్. మా వీధి పైపు సంగతి. నీళ్లొచ్చి ఎన్నాళ్లయిందంటే..."

మంత్రిగారు బిత్తరపోయారు. "వీడు పక్కనే వస్తున్నాడేమిటయ్యా?"

"మనం మెల్లగా పోతున్నాం కదా సార్. దయచేసి తొక్కకండి, తొక్కితే చేరలేం."

"తొక్కకపోతే పైపు సంగతి అంతా వినాలి."

మంత్రిగారు తొక్కారు. బిందె మనిషి వెనకబడ్డాడు. స్టేషను మైకుల మోత వినిపించే మలుపులో కారు నిట్టూర్చి ఆగిపోయింది.

బిందె మనిషి తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి చేరాడు. "అదే సార్, పైపు..." అంటూనే బిందె గట్టు మీద పెట్టి కారుకు భుజం ఆనించాడు. మరో పదిమంది కలిశారు. వెనక పీఏ కూడా తోశాడు. మంత్రిగారు అద్దం బిగించి, ఎదురుగా వచ్చేవాళ్లకు నమస్కారాలు పెడుతూ వేదిక చేరారు.

ఆనాటి ఉపన్యాసం చాలా పొడుగు. అది సాగినంతసేపూ పరదా చాటున కారు చార్జింగ్ తాగుతూనే ఉంది. మంత్రిగారి ఉపన్యాసం వల్ల ఒకరికి మేలు జరగడం అదే మొదలు. దారిలో ఎక్కడా చార్జింగ్ పెట్టకుండా వచ్చానని ఆయన అన్నప్పుడు తోసినవాళ్లే ముందుగా చప్పట్లు కొట్టారు.

"ఈ విజయం నా పీఏది. ఇతని ఉద్యోగం ఖాయం చేస్తున్నాను," అన్నారు చివర్న.

పీఏ కళ్లు చెమర్చాయి. వేదిక దిగి భార్యకు ఫోను చేశాడు. "అయిపోయింది. మైకులో చెప్పారు."

"మైకులోనా, కాగితం మీదా?" అంది గానీ, ఆ వెంటనే ఫోను పెట్టకుండానే తల్లిని పిలిచింది. అల్లుడి ఉద్యోగం ఖాయమైందని చెబుతుంటే వినిపించింది.

తిరుగుదారిలో కారు హుషారుగా ఉంది. పొద్దున పేపర్‌వెయిట్ కింద నుంచి తెచ్చుకున్న ఆర్డరును పీఏ జేబులోంచి తీసి, మడత విప్పి, పెన్ను మూత కూడా తీసి పట్టుకున్నాడు.

"సార్, ఒక్క నిమిషం ఆపి సంతకం పెడితే... ఖాయమని మైకులో అన్నారు కదా."

"అన్నాను." మంత్రిగారు ఎంతో ప్రేమగా అతని వంక చూశారు. "అది అంచనా కదయ్యా. నీ దాకా వచ్చేసరికి తగ్గుతుంది. ఆ ఏసీ కాస్త పెంచు."

పీఏ పెంచాడు.