గంగమ్మ గుడిలో లాగ్రైన్

ఆ బుధవారం పొద్దున హరినాథ్ వేసుకున్న పథకంలో లోపమనేదే లేదు. తొమ్మిదింటికి వైను సీసాలు తెచ్చుకోవాలి. పదకొండింటికి రొయ్యలు కొనే ఫ్లోరా వస్తుంది. పన్నెండున్నరకి సీసాలు తెరవాలి. ఒంటిగంటకి ఆమె ఒప్పందం మీద సంతకం పెడుతుంది. ఆ వెంటనే పద్మనాభయ్య గారు నడుముకి వేలాడే తాళాల గుత్తిలోంచి జనరల్ మేనేజర్ గది తాళంచెవి ఊడదీసి తన చేతిలో పెడతారు. ఆ గది రెండేళ్లుగా ఖాళీ. లోపల తోలు కుర్చీ ఒకటుంది. హరినాథ్ రోజూ కిటికీ అద్దంలోంచి దాన్ని చూసుకుని గానీ తన బల్ల దగ్గరికి వెళ్లడు.

ఈ హరినాథ్ జాలర్ల ఊరు పట్టపుపాలెం పక్కన, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న రొయ్యల కంపెనీలో ఎగుమతుల మేనేజరు. కంపెనీ పద్మనాభయ్య గారిది. హరినాథ్ బుచ్చిరెడ్డిపాలెంలో వడ్ల బస్తాల మధ్య పెరిగిన మనిషి. నెలన్నర కిందట కంపెనీ ఖర్చుతో ఇటలీ ఉత్తరాన ఆల్ప్స్ కొండల్లో బొల్జానో అనే ఊరికి నాలుగు రోజులు వెళ్లొచ్చాడు. వెళ్లింది రొయ్యలు అమ్మడానికి, తిరిగొచ్చింది వైను పండితుడిగా. ఆ నాలుగు రోజుల్లో మూడు రోజులు ముక్కు దిబ్బడేసి హోటల్ గదిలో ఆవిరి పట్టుకుంటూ పడుకున్నాడన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వచ్చిన రోజు నుంచీ క్యాంటీన్లో అందరికీ పాఠాలే. ఎదుటివాడు రసం కలుపుకుంటున్నా వదిలేవాడు కాదు.

"లాగ్రైన్ అంటే నల్ల ద్రాక్ష. బొల్జానో గులకరాళ్ల నేలలోనే దాని అసలు రుచి. టెరోల్డెగో అని దానికి దాయాది ఒకటుంది. స్కియావా అని ఇంకోటి, పల్చటి ఎరుపు. జర్మన్ మాట్లాడేవాళ్లు దాన్నే ఫెర్నాచ్ అంటారు. మనవాళ్లు తాగేది వట్టి మందు. వైను తాగాలంటే నాలుక చదువుకుని ఉండాలి."

"చదువుకున్న నాలిక ఈ చుట్టుపక్కల నీదొక్కటే గదయ్యా," అన్నారు పద్మనాభయ్య గారు మజ్జిగ తాగుతూ. "ఎండకి చూపించబాక. పాడైపోతాది."

హరినాథ్ దాన్ని మెచ్చుకోలు కింద జమ కట్టుకున్నాడు. అతనికి ఏ మాటైనా అలాగే వినిపిస్తుంది.

ఇక సీసాల సంగతి. ఫ్లోరా ఆ కొండల్లోని హోటళ్లన్నిటికీ రొయ్యలు కొనే మనిషి. ఆమె తాతకి సొంత ద్రాక్షతోట ఉంది. ఆ తాత చేసిన లాగ్రైన్ ఒకటి, స్కియావా ఒకటి హరినాథ్ చేతిలో పెట్టి, "మీ ఊరు వచ్చినప్పుడు కలిసి తెరుద్దాం, అందాకా భద్రం," అని చెప్పింది. వాటిని నెల్లూరు ఎండల్లో దాచడం ఎలాగన్నది సమస్య అయి కూర్చుంది.

ఇంట్లో ఫ్రిజ్ ఉంది గానీ, ఫ్రిజ్ భార్య బిందుది.

"దోసెల పిండి పక్కన సారాయి సీసాలు పెట్టనిచ్చేది లేదు," అంది బిందు.

"సారాయి కాదే, వైను. అడ్డంగా పడుకోబెట్టాలి, చల్లగా ఉండాలి, వెలుతురు తగలకూడదు, కదలకూడదు."

"అంత సుఖం ఈ ఇంట్లో నాకే లేదు. దానికి యాడినుంచి వస్తాది?"

కంపెనీ కోల్డ్ స్టోరేజీలో పెడితే సీసాలు పగులుతాయి. ఆఫీసులో పెడదామంటే రొయ్యల కంపు. అప్పుడు హరినాథ్ కన్ను కంపెనీ ప్రహరీ మూలనున్న గంగమ్మ గుడి మీద పడింది. పాతకాలపు రాతి గుడి, లోపల చీకటి, చల్లదనం. తలుపు ఎప్పుడూ గడియ వేసి ఉంటుంది, శుక్రవారం తప్ప ఎవరూ తీయరు. ఇటలీలో వైను దాచే నేలమాళిగలు ఉంటాయే, అచ్చం అలాంటిదే అనుకున్నాడు. గుడిని గోడౌన్ చేస్తున్నానన్న ఆలోచన ఆ చదువుకున్న బుర్రకి తట్టనే లేదు. సీసాలకి వెలుతురు తగలకుండా కొత్త తువ్వాలు చుట్టాడు. కొట్లో దొరికింది పసుపు తువ్వాలు. అమ్మవారి పాదాల పక్కన వాటిని అడ్డంగా పడుకోబెట్టాడు.

అది మొదలు రోజూ పొద్దున్నే గుడికి వెళ్లేవాడు. వాచ్‌మన్ కృపాదానం చూస్తాడని చెప్పులు బయట విడిచేవాడు. తువ్వాలు మీద నీళ్లు చిలకరించేవాడు. సీసా మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, "పద్దెనిమిది డిగ్రీలు," అని గొణుక్కునేవాడు. లోపల ముప్ఫైకి తక్కువ ఎన్నడూ లేదు. కృపాదానం ఇదంతా గేటు దగ్గర నుంచి రోజూ గమనించేవాడు. పైగా రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. మంగళవారానికి సరిగ్గా నలభై.

ఇప్పుడు బుధవారం తొమ్మిది గంటలకి హరినాథ్ గుడి తలుపు తీశాడు. అమ్మవారు ఉంది, సీసాలు లేవు.

"కృపాదానం! సీసాలేవయ్యా?"

"చిన్నపోలయ్య మామ తెల్లారే తీసకపోయినాడు సార్, కొత్త పడవ కాడికి. మాది చర్చి, నాకు ఈ పద్ధతులు తెలవవు. కానీ మండలం దీక్ష అంటే దీక్షే గదా సార్. నలభై రోజులు మీరు ఒక్క పూట తప్పలేదు. నేనే పోయి మామకి చెప్పినా."

"దీక్షేంటయ్యా?" అన్నాడు హరినాథ్.

పాలెంలో కొత్త పడవ దించేటప్పుడు గంగమ్మకి సారా పోస్తారు. పెద్దమనిషి చిన్నపోలయ్య దాన్ని పోయాలి, అందరికంటే ముందు ఒక గుక్క రుచి చూసి మంచిదో కాదో చెప్పాలి. పాడు సారా అమ్మకి పోస్తే వల చిరుగుతుందని వాళ్ల నమ్మకం. అలాంటి చోట అమ్మ కాళ్ల దగ్గర పసుపు గుడ్డలో చుట్టి రెండు సీసాలు పెట్టి, మండలం రోజులు నీళ్లు చల్లిన మనిషిని ఏమనుకుంటారు? మొక్కుకున్నాడనే అనుకుంటారు. ఇంకేమైనా అనుకునే సందు హరినాథ్ వాళ్లకి ఇవ్వలేదు.

హరినాథ్ సముద్రం వైపు పరుగెత్తాడు. పది అంగలు వేశాడో లేదో, రొయ్యలు ఒలిచే షెడ్డు ముందు మాలకొండమ్మ అడ్డం వచ్చింది. ఒలిచే ఆడవాళ్లు అరవై మందికీ ఆమే పెద్ద. మిగతా యాభై తొమ్మిది మందీ ఆమె వెనకే ఉన్నారు.

"ఏం మొక్కుకున్నారు సార్?" అంది మాలకొండమ్మ.

నిజం చెప్పేస్తే ఏమవుతుందో హరినాథ్ ఒక్క క్షణం ఊహించుకున్నాడు. అమ్మవారి గుడిని సీసాలు దాచుకునే బీరువాగా వాడానని ఈ అరవై మందికీ చెప్పాలి. వాళ్ల చేతుల్లో రొయ్యల కత్తులున్నాయి.

"కంపెనీలో... అందరూ బాగుండాలని," అన్నాడు.

ఆడవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాలకొండమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఇన్నాళ్లూ మిమ్మల్ని పొగరుమోతు అనుకున్నాం సార్. తప్పు మాదే. మండలం మొక్కు తీరినాక పొంగళ్లు పెట్టాల, అందరికీ పెట్టాల. మీరు ఊ అనండి చాలు, బియ్యం బెల్లం మేం జూసుకుంటాం. పడవ దిగిన పూట పొంగలి ఆపగూడదు."

"ఊ... సరే... సాయంత్రం..."

ఆ 'సాయంత్రం' ఎవరికీ వినపడలేదు. 'సరే' మాత్రం అరవై మందికీ స్పష్టంగా వినపడింది. పది నిమిషాల్లో షెడ్డు ఖాళీ. గుడి ముందు రాళ్లు పేర్చి కుండలు ఎక్కించారు. ఒలవాల్సిన రొయ్యలు ఐసులో అలాగే ఉండిపోయాయి.

ఈలోగా రేవులో జరగాల్సింది జరిగిపోయింది. చిన్నపోలయ్య రెండు సీసాల బిరడాలూ వల కుట్టే సూదితో పీకాడు, ఒక్కో గుక్క రుచి చూశాడు, కాసేపు ఆలోచించాడు, తల ఊపాడు. సగం పడవ మూతికి, సగం సముద్రానికి పోశాడు. మొక్కు పాత్ర వట్టిది తిరిగి ఇవ్వకూడదని ఆ పాలెంలో ఆచారం. అందుకని రెండు సీసాల్లోనూ సముద్రం నీళ్లు నింపి, పసుపు కుంకుమ ధారాళంగా కలిపి, బిరడాలు దిగ్గొట్టాడు. పక్కదారిన ఆఫీసుకి వచ్చి వాటిని హరినాథ్ బల్ల మీద భక్తిగా పెట్టి వెళ్లాడు.

మాలకొండమ్మ నుంచి బయటపడి, ఫోను కోసం గదిలోకి దూరిన హరినాథ్‌కి సీసాలు కనబడ్డాయి. నిండుగా ఉన్నాయి! ప్రాణం లేచొచ్చింది. ఊరికే అమ్మకి చూపించి తెచ్చేశారన్నమాట, వెర్రిబాగులవాళ్లు, అనుకున్నాడు. సీసాల మూతి మీది రేకు ఏమైందని ఆ పండితుడికి అనుమానం రాలేదు.

పదకొండింటికి ఫ్లోరా వచ్చింది. ముప్ఫై ఏళ్ల మనిషి, ఎండకి కందిన మొహం, కాళ్లకి మామూలు చెప్పులు. పద్మనాభయ్య గారు ఆమెని షెడ్డుకి తీసుకెళ్లారు. అక్కడ మనిషన్న పురుగు లేదు.

"ఏందయ్యా ఇది?" అన్నారు హరినాథ్ చెవిలో, పళ్లు బిగబట్టి. "మనుషులేరీ?"

"విరామం సార్. ముందు వైను రుచి చూద్దాం. ఆమెకి అదే ముఖ్యం."

"నా కంటైనరు పోయిందో, నువ్వు మీ బుచ్చికి పోయి వడ్లు తూర్చుకోవాల."

హరినాథ్ గదిలో వేయించిన రొయ్యల పళ్లేలు పెట్టి ఉన్నాయి. హరినాథ్ లాగ్రైన్ సీసా పట్టుకుని బిరడా లాగాడు. అది రెండు వేళ్లకే ఊడొచ్చింది. "వయసుకి మెత్తబడింది," అన్నాడు ఇంగ్లీషులో. మూడు గ్లాసుల్లో పోశాడు. ఎర్రగానే ఉంది. అడుగున మడ్డి దిగింది.

"అవక్షేపం. వడగట్టని వైనుకి అదే గుర్తు," అని పద్మనాభయ్య గారికి తెలియజెప్పాడు. గ్లాసు గుండ్రంగా తిప్పాడు, ముక్కు లోపల పెట్టాడు, కళ్లు మూసుకుని పెద్ద గుక్క వేశాడు.

నోరంతా ఉప్పు! కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉమ్మేయడమా, మింగడమా? తోలు కుర్చీ కళ్ల ముందు మెదిలింది. మింగేశాడు.

"అద్భుతం," అన్నాడు కీచుగొంతుతో. "నల్ల చెర్రీ... ఆల్ప్స్ కొండల ఖనిజాలు... చివర్లో ఏదో... పసుప్పచ్చని పువ్వు..."

ఫ్లోరా అతన్ని వింతగా చూసి, తన గ్లాసు పెదవికి ఆనించి, మెల్లిగా కింద పెట్టేసింది. పద్మనాభయ్య గారు వేలు ముంచి నాలుకకి రాసుకున్నారు.

"ఏందయ్యా కొండలు? ఇది బంగాళాఖాతం!"

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మాలకొండమ్మ, చిన్నపోలయ్య వచ్చారు. "పొంగలి దిగింది సార్. మొక్కుకున్నోళ్లు ముందు వడ్డించాల, రండి," అంది మాలకొండమ్మ. ఆపైన పద్మనాభయ్య గారు అడిగారు, వాళ్లు చెప్పారు. నలభై రోజులూ, పసుపు తువ్వాలూ, పడవా, సీసాల్లో నీళ్లూ, ఏదీ దాచలేదు. దాచాల్సిన విషయమని వాళ్లకి తెలియదు కదా. పద్మనాభయ్య గారు తల పట్టుకుని అంతా ఫ్లోరాకి ఇంగ్లీషులో చెప్పారు. హరినాథ్ గోడకి అతుక్కుపోయాడు.

ఫ్లోరా చిన్నపోలయ్యని చూపించి ఒక్కటే అడిగింది. "ఆయనకి రుచి ఎలా ఉంది?"

చిన్నపోలయ్య తల గోక్కున్నాడు. "నల్లదుండాది చూడమ్మా, అది వగరు. నేరేడుకాయ తిన్నట్టు నాలిక పట్టేస్తాది. చివర చేదొకటి, కాకర చేదు గాదు, కాల్చిన చింతగింజ చేదు. దమ్మున్న సరుకు. రెండోది పల్చన, మెత్తన. మా రేవులో బాదంకాయ రాయితో కొడితే లోన పప్పుంటాదే, మింగినాక ఆ వాసన వస్తాది. రొయ్యలకి ఈ పల్చందే సరి. నల్లది పెడితే రొయ్య చచ్చిపోతాది, దానికి మాంసం పడాల."

పద్మనాభయ్య గారు ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మారుస్తుంటే ఫ్లోరా మొహం విచ్చుకుంది. స్కియావాలో ఆ బాదం వాసన వస్తేనే తన తాత సీసాకి బిరడా పెట్టనిస్తాడట. లాగ్రైన్‌తో రొయ్యలు తినమనేవాణ్ని ఆయన గుమ్మం తొక్కనివ్వడట. రొయ్యల పక్కన లాగ్రైన్ తెరిచిన మనిషి గోడ దగ్గర ఇంకొంచెం కుంచించుకుపోయాడు.

తాత వైను సముద్రానికి పోసినందుకు ఆమెకి కోపం రాలేదు. తాగిందెవరో సరిగ్గానే తాగారంది. గుడి ముందు ఆకులో పొంగలి తిని, మారు వడ్డించుకుని, అక్కడే ఒప్పందం మీద సంతకం పెట్టింది. దాని కింద తన చేత్తో ఒక షరతు రాసింది. ప్రతి కంటైనరూ వెళ్లేముందు దాని రొయ్యలు ఈ పెద్దాయన నోట్లో పడాలి.

పద్మనాభయ్య గారు తాళాల గుత్తి తీశారు. జనరల్ మేనేజర్ గది తాళంచెవి ఊడదీశారు. హరినాథ్ చెయ్యి దానంతట అదే ముందుకి వచ్చింది.

"పోలయ్యా," అన్నారు ఆయన, ఆ చేతిని దాటుకుని. "రేపట్నుంచి ఆ గదిలో కూర్చో. కుర్చీ బాగుంటాది, ఫ్యాను గూడా బాగుంటాది. రొయ్యలు ఆడికే పంపిస్తా."

"చూసినారా సార్," అంది మాలకొండమ్మ హరినాథ్‌తో, మనస్ఫూర్తిగా. "అందరూ బాగుండాలని మొక్కుకున్నారు, అప్పుడే మొదలైంది. మండలం మొక్కు తీర్చినోళ్లే ఏడాది పొడుగునా గుడి ఊడ్చి దీపం పెట్టాల, అది మా పద్ధతి. ఇంకమీద గడియ చాలదు, తాళం గూడా తెప్పించినాం."

మొత్తానికి పథకం ప్రకారమే, ఒంటిగంట దాటకముందే, హరినాథ్ చేతిలో తాళంచెవి పడింది.