కెమెరాలో ఇద్దరు మొగిలిలు

"ఈ బొగ్గుబాయిల మీద నేరాలు ఎందుకు తక్కువున్నయో తెల్సా?" అన్నాడు రాయమల్లు.

జవాబు కూడా తనే చెప్పాడు.

"నేనుండవట్టి!"

గోదావరిఖనిలో ఇస్మాయిల్ రేడియో రిపేరు దుకాణంలో ఉన్నది ఒక్కటే స్టూలు. డ్యూటీ దిగగానే దాన్ని రాయమల్లు ఆక్రమించేవాడు. దాన్ని అతను 'మన ఆఫీసు' అనేవాడు. అద్దె మాత్రం ఇస్మాయిల్ కట్టుకునేవాడు.

రాయమల్లు ఉద్యోగం బాయిలోకి దిగేవాళ్ల జేబులు తడమడం. లోపల గ్యాసు ఉంటుంది, బీడీ ముట్టిస్తే ప్రాణాలు పోతాయి, కాబట్టి అవసరమైన పనే. కానీ ఏళ్ల తరబడి జేబులు తడిమీ తడిమీ లోకమంతా అతనికి ఒక పెద్ద జేబులా కనిపించసాగింది. మొన్న వీధిలో కోడి పోయిందంటే, కోడిగల ఆసామినే అనుమానించి పొద్దంతా ప్రశ్నలు వేశాడు. సాయంత్రం కోడి తనంతట తనే వచ్చి గంప కింద పడుకుంది. "నా భయానికి లొంగిపోయింది" అని కేసు మూసేశాడు.

ఆ రోజు మాత్రం అతను రాకపోతే బాగుండునని ఇస్మాయిల్ నిజంగా కోరుకున్నాడు. ఎందుకంటే ఆ రోజు కెమెరా బేరం.

అరచేతిలో ఇమిడే జపాన్ కెమెరా అది. ఉబలాటపడి కొన్నాడు గానీ, ఇంటింటికీ టీవీలొచ్చి రేడియో రిపేర్లే తగ్గిపోయాక రీళ్లెక్కడ కొంటాడు? దుకాణం వెనకే ఇల్లు. భార్య షహజాదీ బేగం కాలనీ ఆడవాళ్ల జాకెట్లు చేత్తో కుట్టీ కుట్టీ, ఈ మధ్య సూదిలో దారం ఎక్కించడానికి వాకిట్లోకి వెళుతోంది. శ్రీరాంపూర్ బాయిలో పనిచేసే మొగిలి ఇంట్లో కుట్టుమిషను ఊరికే పడి ఉంది. కెమెరా ఇస్తే మిషను ఇస్తానన్నాడు. మొగిలి కొత్తగా ఎడ్లజత కొన్నాడు, వాటి పక్కన నిలబడి ఫోటో దిగాలని అతని కోరిక. స్టూడియోవాడు ఎడ్లను లోపలికి రానివ్వనన్నాడట.

షహజాదీ పొద్దున్నే కిటికీ దగ్గర మిషనుకు జాగా ఊడ్చి పెట్టింది. ఆ ఖాళీ జాగాను ఇస్మాయిల్ రెండుసార్లు జానలతో కొలిచి చూసుకున్నాడు.

రాయమల్లు ఒంటరిగా కూడా రాలేదు. ఊరి నుంచి ముందురోజే వచ్చిన అక్క సమ్మవ్వను వెంటబెట్టుకొచ్చి అరుగు మీద కూచోబెట్టాడు.

"అక్కా, ఇక్కడ నోరు తెరువకు. కేసులు నడుస్తయి."

"నాకెందుకు బిడ్డా," అని ఆమె నోట్లో ఆకు వేసుకుంది.

ఇంతలో బస్టాండు నుంచి రిక్షా మీద మిషనుతో మొగిలి వచ్చి దిగాడు. కెమెరా అందుకుని, కన్ను పెట్టి, రాయమల్లు వైపు చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఇదేంది ఇస్మాయిల్ భాయ్? మనిషి ఇద్దరు కనవడుతుండు!"

"దాని తరీఖానే గట్ల, కాకా. నడుమ పసుపు గడి ఉన్నది సూడు, అండ్ల బొమ్మ రెండు అయితది. ఈ రింగు తిప్పు. ఇద్దరూ ఒక్కటి కాంగనే బటన్ నొక్కాలె. ఫోటో సాఫ్‌గా వస్తది."

మాట పూర్తికాకముందే రాయమల్లు కెమెరా లాక్కుని మొగిలి వైపు గురిపెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, వీధి చివరిదాకా వినపడేలా అన్నాడు.

"దొరికిండు."

"ఎవరు, అన్నా?" అన్నాడు ఇస్మాయిల్ నీరసంగా.

"ఇద్దరు మొగిలిలు! ఒకడు అసలు, ఒకడు నకిలీ. మనిషికి పేర్లు రెండుంటే బొమ్మలూ రెండే పడతయి. ఇది మారుపేరు కేసు!"

వెనకటి రోజుల్లో ఒకరి పేరున వచ్చిన నౌకరీలో ఇంకొకరు చేరడం ఆ బాయిల మీద మామూలే. ఇంట్లో ఒక పేరు, బాయి హాజరు రాసే మస్టరులో ఇంకో పేరు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పైవాళ్ల చెవిన పడితే నౌకరీకే ముప్పు. అలాంటి మాటను ఈ మహానుభావుడు నడిబజార్లో అరిచాడు. మొగిలి మొహం సున్నంలా తెల్లబడింది. పాపం, మస్టరులో అతను నర్సింగం.

"నాకు కెమెరా వద్దు, ఏం వద్దు. తమ్మీ, రిక్షా తిప్పు!"

"కాకా, ఆయన మాట పట్టించుకోకు! నీకు దండం పెడత!" ఇస్మాయిల్ రిక్షా పట్టుకుని బతిమాలాడు. తలుపు దగ్గర షహజాదీ తన గుమ్మందాకా వచ్చిన మిషను వెనక్కి తిరగడం చూస్తూ నిలబడింది. ఇస్మాయిల్‌కు రాయమల్లును ఆ స్టూలుతోనే కొట్టాలనిపించింది.

రాయమల్లు మాత్రం కంటికి కెమెరా ఆనించుకునే, రింగు తిప్పుతూ, రిక్షాకు అడ్డంపడి వెనక్కి వెనక్కి నడిచాడు.

"కదలకు! ఆఁ... ఒకడు మాయమైండు! రెండోడు ఎక్కడ? రెండోడు ఎటు ఉరికిండు?"

రెండోవాడి కోసం గిర్రున తిరిగాడు. వెనక మోరీ ఉంది. రెండు చేతులూ పైకెత్తి, పోలీసులకు లొంగిపోయిన దొంగలాగా, నడుములోతు మురికిలో దిగబడ్డాడు. కెమెరా ఒక్కటే పొడిగా మిగిలింది.

అరుగు మీద సమ్మవ్వ ఆకు ఉమ్మేసి గుండెలు బాదుకుంది.

"అయ్యయ్యో! మా ముత్యం మోరీల వడ్డడు! ఓ ముత్యం! దెబ్బ తాకిందా బిడ్డా?"

బజారంతా మోరీ వైపు తిరిగింది.

"ముత్యం ఎవరవ్వా?" అన్నాడు మొగిలి, మెల్లగా రిక్షా దిగుతూ.

"వీడే! నా తమ్ముడు. రాయమల్లు మా సిన్నాయిన కొడుకు. వానికొచ్చిన నౌకరీల వీడు చేరిండు గద!"

మొగిలి మొదట నవ్వలేదు. మోరీ దగ్గరికి వెళ్లి, చెయ్యి చాచి ముందు కెమెరా అందుకున్నాడు. కన్ను పెట్టాడు. గడిలో ఇద్దరు రాయమల్లులు మురికి కారుస్తూ నిలబడి ఉన్నారు. ఇస్మాయిల్ చెప్పినట్టే రింగు తిప్పాడు. ఇద్దరూ దగ్గరికి జరిగి ఒక్కడయ్యారు.

"మంచి కెమెరా, ఇస్మాయిల్ భాయ్. దొంగను సక్కగ పట్టిస్తది," అని అప్పుడు పగలబడి నవ్వాడు. "తమ్మీ, మిషను దించు."

సాయంత్రానికి మిషను కిటికీ దగ్గర ఊడ్చిన జాగాలో కూచుంది. రాయమల్లు మురికైన ప్యాంటు విప్పి, ఇస్మాయిల్ ఇచ్చిన లుంగీ చుట్టుకుని, మళ్లీ స్టూలు ఎక్కాడు.

"ఎట్లయితేంది, మారుపేరోన్ని పట్టిచ్చిన. కేసు ఖతం."

అది నిజమే కనుక ఇస్మాయిల్ కాదనలేదు.

షహజాదీ బేగం ఉతికిన అతని ప్యాంటు తెచ్చుకుని, మోకాలి దగ్గర చిరుగును మిషను కింద పెట్టింది. గిరాకీ మొదలైంది కదా, ఎవరి బట్టలు ఎవరివో కలిసిపోకుండా చీటీ అంటించాలని ఆమె ఆలోచన. పెన్సిలు పట్టుకుని మర్యాదగా అడిగింది.

"అన్నా, దీని మీద ఏ పేరు రాయాలె?"

రాయమల్లు లుంగీ సర్దుకుంటూ లేచి ఇంటిదారి పట్టాడు. ఆ రోజు స్టూలు ఇస్మాయిల్‌కు దొరికింది.